మదుము కాడ కేక

పిల్లలూ,

మెడిసిన్ చదువుతున్న మా మనవరాలు ఫోన్ చేసి, "తాతా, థైరాయిడ్ తక్కువైందంటారు, రిపోర్టులో చూస్తే టీఎస్‌హెచ్ ఎక్కువుంటది, ఇదేటి?" అనడిగింది. బట్టీ పట్టకుండా అడిగింది, నాకు భలే నచ్చింది. మీక్కూడా పనికొస్తదని రాస్తన్నాను.

మాది బొబ్బిలి పక్కన ఊరు, చెరువు కింద శివారు పొలం. ఊడుపులప్పుడు నన్ను గట్టుమీద నిలబెట్టేవోరు, చోడి అంబలి తాగేసి పొద్దస్తమానం అక్కడే. మళ్లో నీళ్లు తగ్గితే "మదుము తియ్యండో" అని కేకెయ్యాలి, మదుమంటే చెరువు తూము, నిండితే నోరుమూసుకోవాలి, అదే నా పని. మీ తలలో అర గ్రాము బరువుండే పిట్యూటరీ గ్రంథి పనీ అదే. మదుము మెడలో ఉండే థైరాయిడ్, నీళ్లు అది వదిలే హార్మోన్ టీ4, కేక పిట్యూటరీ పంపే హార్మోన్ టీఎస్‌హెచ్.

ఇప్పుడు మదుము పట్టేసిందనుకోండి. నీళ్లు రావు, నేను గొంతు పోయేలా అరుస్తాను. ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌ని దెబ్బతీసే హషిమోటో జబ్బులో జరిగేదిదే, టీ4 తక్కువ, టీఎస్‌హెచ్ ఎక్కువ. థైరాక్సిన్, అంటే టీ4 మాత్రంటే బిందెల్తో నీళ్లు తెచ్చి పొయ్యడం, మడి తడిసేకొద్దీ కేక తగ్గుతాది, కానీ టీ4 సగం తగ్గడానికే సుమారు 7 రోజులు పడతాది, అందుకే 6 వారాలాగి మళ్లీ టెస్టు చేయిస్తాం, వారానికోసారి డోసు మార్చేస్తే పేషెంటుకి నరకం.

గ్రేవ్స్ జబ్బులో ఎవడో తాటితోపు చాటునుంచి నా గొంతు పెట్టి అరుస్తాడు. వాడు యాంటీబాడీ, ఒంటి రక్షణ వ్యవస్థ తప్పుగా తయారుచేసే ప్రోటీను. మదుము తీసేస్తారు, మడి మునిగిపోతాది, నేను మాత్రం మూగగా ఉంటాను, టీఎస్‌హెచ్ అడుక్కి పడిపోతాది.

ఇంకోటుంది, అదే నాకు భయం. గట్టుమీదోడికే గొంతు పోతే? మడి ఎండిపోతన్నా కేక వినపడదు. టీఎస్‌హెచ్ నార్మల్‌గా కూడా కనిపించొచ్చు! కాన్పులో రక్తం బాగా పోయి, పాలు పడక, నెలసరి మళ్లీ రాక, నీరసంతో తిరిగే తల్లుల్ని చూశాను, రక్తం పోయి పిట్యూటరీ దెబ్బతిన్నదన్నమాట, దాన్నే షీహాన్ సిండ్రోమ్ అంటారు. కాగితం చూసి "బాగానే ఉంది" అని పంపెయ్యకండి నాయినా, కూర్చోబెట్టి కాన్పు సంగతి అడగండి. వాళ్లకి అడ్రినల్ గ్రంథుల హార్మోన్ కార్టిసాల్ కూడా తక్కువుంటే ముందు స్టెరాయిడ్, తర్వాతే థైరాక్సిన్, తిరగేస్తే ప్రాణం మీదకొస్తాది.

ఇంత చిన్న గ్రంథి ఇంత లెక్కగా ఎలాగ వింటాదో, ఎలాగ అరుస్తాదో, ఇన్నేళ్ల తర్వాతా నాకు ఆశ్చర్యమే.

రేపు వార్డుకెళ్లినప్పుడు పేషెంటుకి గ్లాసుడు నీళ్లిచ్చి మింగమనండి, మెడకేసి చూడండి, థైరాయిడ్ వాపైతే మింగినప్పుడు పైకి లేస్తాది. మడమ వెనక సుత్తితో కొట్టి చూడండి, హైపోథైరాయిడ్, అంటే థైరాయిడ్ తక్కువైతే పాదం కదిలి, మెల్లిగా, బద్ధకంగా వెనక్కొస్తాది. చూసి నాకు రాయండి.

మీ తాత