పాలమూరు వంతెన నుంచి దోమలపెంట సొరంగం దాకా: మంత్రిగా ఉండదగునా అని అడిగే హక్కు ఎవరిది?

మంత్రి నోరు జారినా, ఏదైనా కేసులో ఆయన పేరు వినపడినా, ఆయన శాఖ కింద ప్రాణాలు పోయినా నల్గొండ క్లాక్ టవర్ సెంటర్లోనూ మహబూబ్‌నగర్ బస్టాండు దగ్గరి హోటళ్లలోనూ ఒకటే ముచ్చట: "గీయన ఇంకా మంత్రిగ ఉండుడేంది?" రెండు మూడు రోజులు ధర్నాలు, దిష్టిబొమ్మ దహనాలు, టీవీల్లో వాదులాటలు నడుస్తాయి. ఆ తర్వాత ఆ ముచ్చట అక్కడే చల్లారిపోతుంది. జనం తమ జవాబు నమోదు చేయడానికి అయిదేళ్లకోసారి తప్ప ఇంకో చోటు లేదు. కానీ ఈ ప్రశ్న ఇక్కడ కొత్తగా పుట్టింది కాదు. దేశమంతా చెప్పుకునే నైతిక బాధ్యత కథ మొదలైంది పాలమూరులోనే, అంటే మన మహబూబ్‌నగర్ జిల్లాలోనే.

1956 సెప్టెంబరు 2న జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య రైలు వంతెన కూలింది. వందమందికి పైగా చనిపోయారు. అప్పటికి మనది ఇంకా హైదరాబాద్ రాష్ట్రమే, ఆంధ్రప్రదేశ్ ఏర్పడటానికి రెండు నెలలుంది. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి ప్రధాని నెహ్రూకు రాజీనామా ఇచ్చారు. నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో మద్రాసు రాష్ట్రంలోని అరియలూరు దగ్గర ఇంకో రైలు వాగులో పడి నూట నలభై మందికి పైగా పోయారు. శాస్త్రి మళ్లీ రాజీనామా ఇచ్చారు. ఈసారి నెహ్రూ ఆమోదించి, ఎందుకు ఆమోదించారో పార్లమెంటులో చెప్పారు. తప్పు శాస్త్రిదని కాదు, రాజ్యాంగ మర్యాద నిలబడాలని; ఏం జరిగినా పాలకులకు చీమ కుట్టదని జనం అనుకోకూడదని.

శాస్త్రి రాజీనామా అనగానే అందరికీ గుర్తొచ్చేది అరియలూరు. ఆయన చేత మొదటి రాజీనామా రాయించింది పాలమూరు మృతులు. ఆ సంగతి మన పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ. అది నాకు బాధగానే ఉంటుంది.

మంత్రి కావడానికి చట్టం అడిగేది చాలా కొంచెం. 164వ అధికరణం ప్రకారం శాసనసభలోనో మండలిలోనో సభ్యత్వం ఉండాలి, లేదంటే ఆరు నెలల్లో తెచ్చుకోవాలి. చదువు, అనుభవం, శాఖ మీద పట్టు ఉన్నాయా అని ఎవరూ అడగరు. 2003లో వచ్చిన 91వ సవరణ సంఖ్యకు మాత్రం హద్దు పెట్టింది. 119 స్థానాల తెలంగాణలో ముఖ్యమంత్రితో కలిపి 18 మంది. కోర్టులో రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడితే సభ్యత్వం పోతుంది. అప్పీలు వేసి పదవిలో కొనసాగే వెసులుబాటును 2013లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మరి శిక్ష పడకముందు, అభియోగాలు నడుస్తుండగా? 2014లో మనోజ్ నరూలా కేసులో రాజ్యాంగ ధర్మాసనం అలాంటివాళ్లను మంత్రులుగా తీసుకోవద్దని నిషేధం పెట్టలేదు, ఆ విజ్ఞతను ప్రధానికీ ముఖ్యమంత్రులకూ వదిలింది. ముప్పై రోజులు వరుసగా నిర్బంధంలో ఉంటే పదవి పోవాలంటూ కేంద్రం 2025 ఆగస్టులో 130వ సవరణ బిల్లు పెట్టింది. అదీ అరెస్టు దాకా వెళ్లిన కేసులకే. చేతగానితనానికి, నిర్లక్ష్యానికి అందులో చోటు లేదు.

అదే మన ఊరి సర్పంచ్ సంగతి చూడండి. ముగ్గురు పిల్లలుంటే పోటీకే పనికిరాడన్న నిబంధన దశాబ్దాల పాటు నడిచింది. 2018 పంచాయతీరాజ్ చట్టం కింద కలెక్టరే సర్పంచ్‌ను సస్పెండ్ చేయగలరు. మొక్కలు ఎండిపోయాయని సర్పంచ్‌కు నోటీసు ఇచ్చే వ్యవస్థ, ఒక శాఖ మొత్తం ఎండిపోయినా మంత్రిని అడగదు. ఈ తేడాను మనం ఇంత మామూలుగా ఎలా ఒప్పుకున్నామో నాకు అర్థం కాదు.

అడగాల్సి వచ్చినప్పుడు ఈ జిల్లాలు తమకు దొరికిన దారిలోనే అడిగాయి. 1989 మొదట్లో ఎన్టీ రామారావు మంత్రివర్గం మొత్తాన్ని ఒక్కసారే తప్పించారు. మంత్రులు తగినవాళ్లా కాదా అన్నది అప్పుడు తేల్చింది ఆయనొక్కడే. ఆ ఏడాది చివర్లో ఎన్నికలొస్తే ఆయన తగునా అన్నది పాలమూరు జిల్లా కల్వకుర్తి తేల్చింది. హిందూపురంలో గెలిచిన ముఖ్యమంత్రి ఇక్కడ చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడిపోయారు.

నల్గొండది ఇంకా పెద్ద గొంతు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర్లు పోయిన పల్లెల గోడు ఏ మంత్రికీ పట్టకపోతే, 1996 లోక్‌సభ ఎన్నికల్లో జల సాధన సమితి పిలుపుతో జనం నామినేషన్లు వేశారు. బరిలో 480 మంది నిలిచారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. గెలిచింది ధర్మభిక్షం, కానీ దేశం విన్నది నీళ్ల గోసను. ఢిల్లీ స్పందన ఏమిటంటే, అదే ఏడాది లోక్‌సభ అభ్యర్థి కట్టాల్సిన డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచడం.

రాజీనామాకు ఇక్కడ ఇంకో అర్థం కూడా ఉంది. నల్గొండ జిల్లా భువనగిరి నుంచి గెలిచిన కొండా లక్ష్మణ్ బాపూజీ 1969లో తెలంగాణ కోసం మంత్రి పదవి వదిలేశారు. 2011లో సకల జనుల సమ్మె రోజుల్లో ప్రతి తెలంగాణ మంత్రినీ జనం అడిగింది ఒకటే, రాజీనామా. నల్గొండ నుంచి కోమటిరెడ్డి వెంకటరెడ్డి, కొల్లాపూర్ నుంచి జూపల్లి కృష్ణారావు పదవులు వదిలారు. 2012 ఉప ఎన్నికలో కొల్లాపూర్ జూపల్లిని మళ్లీ గెలిపించింది. ఆ రోజుల్లో అదే సరైన కొలబద్ద. రాష్ట్రం వచ్చాక మాత్రం అందులోంచి ఒక్క ముక్కే మిగిలింది: మనోడా, కాదా. మన జిల్లా మంత్రి మీద మాట వస్తే మన మీద వచ్చినట్టే తీసుకుంటున్నాం. పక్క జిల్లావాడైతే దిగిపొమ్మంటున్నాం. శాఖలో ఖాళీలెన్ని, పనులు ఎక్కడ ఆగాయి, పోయిన ఏడాది ఇచ్చిన మాట ఏమైంది అన్న లెక్క అడిగేవాళ్లు రెండు వైపులా తక్కువే.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలింది. దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం అది. పాలమూరు గడ్డలో తవ్వుతున్నది, నల్గొండకు కృష్ణా నీళ్లు తేవాల్సినది. ఉమ్మడి రాష్ట్రంలో మొదలై, పార్టీలు మారుతూ, ఎందరో మంత్రుల చేతులు దాటింది. లోపల ఎనిమిది మంది చిక్కుకున్నారు. మంత్రులు వచ్చారు, అక్కడే ఉండి సహాయక పనులు చూశారు. అది నిజం. ఇది నా బాధ్యత అంటూ పదవి వదిలినవాళ్లు లేరు. గతంలో నీటిపారుదల శాఖ చూసినవాళ్లూ ఇందులో నా పాలెంత అని చెప్పలేదు. రాజీనామా చేస్తే పోయినవాళ్లు తిరిగొస్తారా అని అడుగుతారు. 1956లోనూ ఎవరూ తిరిగి రాలేదు.

జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ నుంచి పనికొచ్చిన ఆ ఎనిమిది మందిలో, వారాల తరబడి వెతికినా బయటికి తేగలిగింది ఇద్దరి మృతదేహాలనే. ఆ సొరంగం పనులు ఏ మంత్రి హయాంలో ఎంత నడిచాయి, ఆ రాతి గురించి ఏ ఏడాది ఏ నివేదిక ఏం చెప్పింది, దాని మీద సంతకం పెట్టిందెవరు, పక్కన పెట్టిందెవరు అన్న కాగితాలన్నీ బయట పెట్టమని రెండు జిల్లాలూ కలిసి అడగాలి, మంత్రి మనోడైనా సరే.