విమానంలో దెబ్బ తగిలితే పరిహారం: రెండేళ్ల గడువు ఎక్కడిది?

మహారాష్ట్ర నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో మా వీధిలో ఉండే పెద్దమ్మ కొడుకు పోయిన దసరాకి దుబాయి నుంచి వచ్చినప్పుడు ఒక రేకుడబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. గ్యాస్ బుక్కు, రేషన్ కార్డు, సాత్‌బారా అనే పొలం కాగితాల మధ్య వాళ్ళమ్మ బోర్డింగ్ పాసు ఉంది. ఉందనే గానీ, దాని మీద ఒక్క అక్షరం లేదు. అది థర్మల్ కాగితం. రెండు ఎండాకాలాలు రేకుడబ్బాలో ఉండి మొత్తం తెల్లబడింది. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే సీటు నంబరు చివరి అక్షరం మాత్రం లీలగా కనిపించింది.

పెద్దమ్మ కొడుకు దగ్గర నెల రోజులుండి తిరిగి వస్తోంది. విమానం కిందికి దిగుతుండగా గట్టిగా కుదిపింది. పైన లగేజీ పెట్టే అర తెరుచుకుని ఒక బ్యాగు ఆమె భుజం మీద పడింది. విమానంలో అమ్మాయి వచ్చి ఐసు ముక్కలు ఇచ్చింది, డాక్టర్‌ని పిలిపించి రాయించమంటారా అని అడిగింది. పెద్దమ్మకి రైలు టెన్షన్. "ఏం కాలేదు బిడ్డా" అని చెప్పి దిగిపోయింది. మర్నాడు నిజామాబాద్ దవాఖానలో ఎక్స్‌రే తీస్తే భుజం ఎముక విరిగింది. ప్లేటు వేశారు. ఇప్పటికీ ఆ చెయ్యి పూర్తిగా పైకి లేవదు, నీళ్ల బిందె ఎత్తలేదు.

"అన్నా, ఇప్పుడు కేసు వేస్తే నడుస్తదా?" అని అడిగాడు. ఎప్పుడయింది తమ్మీ అంటే, రెండేండ్ల నాలుగు నెలలు అన్నాడు.

ఆ నాలుగు నెలలే అడ్డం పడ్డాయి. విమాన ప్రయాణంలో గాయపడితే గమ్యం చేరిన రోజు నుంచి రెండేళ్లలోపు దావా వేయాలి. వేయకపోతే పరిహారం అడిగే హక్కే పోతుందని చట్టంలో రాసి ఉంది. మన దగ్గర రోడ్డు మీద ప్రమాదాలకు, రైళ్ళకు వేరే చట్టాలు, వేరే లెక్కలు. విమానాలకు ఉన్న ఈ లెక్క ఢిల్లీలో పుట్టింది కాదు. తొంభై ఏళ్లకు పైగా క్రితం పోలండ్ రాజధానిలో పుట్టింది.

1929 అక్టోబరు 12న వార్సాలో కొన్ని దేశాలు కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నాయి. అప్పటికి విమానమంటే గాలిలో ఎగిరే సాహసమే. ఒక్క పెద్ద ప్రమాదం జరిగితే కంపెనీ మూతపడుతుందని భయం. అందుకని ఇరువైపులా ఒక బేరం కుదిర్చారు. తప్పు కంపెనీదేనని ప్రయాణికుడు నిరూపించనక్కర్లేదు, తాను అన్ని జాగ్రత్తలూ తీసుకున్నానని కంపెనీయే నిరూపించుకోవాలి. బదులుగా, ఇచ్చే సొమ్ముకి ఒక పైహద్దు. ఆ హద్దు ఒక్కో ప్రయాణికుడికి 1,25,000 ఫ్రాంకులు. అవి కాగితపు ఫ్రాంకులు కావు, బంగారంతో కొలిచినవి. ఒక్కో ఫ్రాంకు అంటే 90 శాతం మేలిమి ఉన్న బంగారం 65.5 మిల్లీగ్రాములు. మొత్తం కలిపితే దాదాపు 7 కిలోల 370 గ్రాముల మేలిమి బంగారం, మన పది గ్రాముల తులం లెక్కన 737 తులాలు. వినడానికి చాలా పెద్ద మొత్తం. కానీ దాన్ని లెక్కకట్టింది ప్రభుత్వాలు పెట్టిన బంగారం ధరతో. ఔన్సు 35 డాలర్లు అన్న అమెరికా అధికారిక ధరలో అది 8,300 డాలర్ల దగ్గర ఆగిపోయింది. బజారులో బంగారం ఎంత పెరిగినా ప్రయాణికుడి ప్రాణం విలువ మాత్రం కదల్లేదు. రెండేళ్ల గడువు కూడా ఆ ఒప్పందంలోనే ఉంది. హద్దుని తర్వాత చాలాసార్లు మార్చారు. గడువుని ఎవరూ ముట్టుకోలేదు.

1932లో జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా విమానం నడిపాడు. రెండేళ్లకే, 1934లో, బ్రిటిష్ ఇండియా వార్సా ఒప్పందాన్ని చట్టంగా తెచ్చుకుంది. అయితే అది ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోయేవాళ్లకి. దేశంలోపల తిరిగేవాళ్ల సంగతి టికెట్టు వెనక సన్నటి అక్షరాల్లో కంపెనీ ఏం రాసుకుంటే అదే.

దాని ఫలితం ఎలా ఉండేదో నాగపూర్ దగ్గరి ఒక ప్రమాదం చూస్తే తెలుస్తుంది. 1953లోనే ఎనిమిది కంపెనీలను కలిపి ప్రభుత్వం ఇండియన్ ఎయిర్‌లైన్స్ పెట్టింది. మా నాందేడ్ కూడా భాగంగా ఉన్న హైదరాబాద్ సంస్థానం నడిపిన డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా అందులో కలిసిపోయింది. అదే ఏడాది డిసెంబరు 12 రాత్రి నాగపూర్‌లో టపా, ప్రయాణికులతో మద్రాసుకి లేచిన డకోటా విమానం కూలిపోయింది. చనిపోయిన ఒక ప్రయాణికుడి భార్య కోర్టుకెళ్ళింది. కేసు ఏళ్ల తరబడి నడిచి 1960ల్లో కలకత్తా హైకోర్టు తీర్పు చెప్పింది. నిర్లక్ష్యం జరిగినా మాకు బాధ్యత లేదని టికెట్టు షరతుల్లో ఉంది, ఆ షరతు చెల్లుతుంది అని. ఆమెకి ఏమీ రాలేదు. ఆ తీర్పు గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. టికెట్టు వెనక ఏముందో చదివి విమానం ఎక్కినవాళ్లు ఆ రోజుల్లో ఎంతమంది ఉంటారు?

1972లో కొత్త విమాన రవాణా చట్టం వచ్చింది. అప్పటికే 1955లో హేగ్‌లో ఫ్రాంకుల హద్దుని రెట్టింపు చేశారు, మన దేశం దాన్నీ కలుపుకుంది. మాకు ముఖ్యమైంది మాత్రం ఆ చట్టం కింద 1973లో వచ్చిన నోటిఫికేషన్. దేశంలోపలి ప్రయాణాలకూ దాదాపు అవే నియమాలు వర్తిస్తాయని అది చెప్పింది. మాకు బాధ్యత లేదన్న టికెట్టు షరతులు అక్కడితో చెల్లకుండా పోయాయి. పైహద్దు మాత్రం రూపాయల్లో, తక్కువలోనే ఉండిపోయింది.

మా మరాఠ్వాడా ప్రాంతంలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకునే ప్రమాదం ఆ హద్దుల కాలంలోనే జరిగింది. 1993 ఏప్రిల్ 26న ఔరంగాబాద్ నుంచి ముంబైకి లేచిన బోయింగ్ 737, రన్‌వే దాటుతూనే బీడ్ రోడ్డు మీద పోతున్న పత్తి బేళ్ల లారీకి తగిలింది. ఆ తర్వాత కరెంటు తీగలకు చుట్టుకుని కూలింది. 118 మందిలో 55 మంది చనిపోయారు. పైలట్లు విమానాన్ని లేపడంలో చేసిన ఆలస్యం, ఆ రోడ్డు మీద వాహనాలను ఆపే ఏర్పాటు లేకపోవడం, రెండూ విచారణలో బయటపడ్డాయి. దేశీయ ప్రయాణంలో చనిపోయినవాళ్లకి అప్పటి పైహద్దు 5 లక్షలు. 1998లో దాన్ని ఏడున్నర లక్షలు చేశారు. 20 లక్షలు కావడానికి 2014 దాకా పట్టింది.

అసలు ఏది ప్రమాదం అన్నదాని మీద కూడా చాలా గొడవ జరిగింది. 1985లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన మాటనే ప్రపంచమంతా పట్టుకుంటారు. విమానం దిగుతుంటే గాలి ఒత్తిడి మారి ఒకామెకి ఎడమ చెవి వినిపించకుండా పోయింది. ఒత్తిడి మామూలుగానే మారింది, విమానంలో లోపమేమీ లేదు. ప్రమాదమంటే ప్రయాణికుడికి బయట, అనుకోకుండా లేదా మామూలుకి భిన్నంగా జరిగింది అయి ఉండాలని కోర్టు అంది. ఆమె ఓడిపోయింది. 1991లో అదే కోర్టు, ఒంటికి గాయం లేకుండా భయంతో కలిగిన బాధ ఒక్కదానికే వార్సా ఒప్పందం కింద పరిహారం రాదని చెప్పింది. యూరప్ కోర్టు మాత్రం 2019లో తలుపు కొంచెం పెద్దగా తెరిచింది. విమానంలో వేడి కాఫీ కప్పు జారి ఆరేళ్ల పాప ఒంటి మీద పడింది. ఎగరడానికీ కాఫీకీ సంబంధమేంటని కంపెనీ వాదిస్తే, ఆ సంబంధం చూపించనక్కర్లేదు, అదీ ప్రమాదమే అని తీర్పిచ్చింది. పెద్దమ్మ విషయంలో ఈ వాదనలేవీ అక్కర్లేదు. పైనుంచి బ్యాగు పడటం ఏ లెక్కన చూసినా ప్రమాదమే. విమానం లోపలే కాదు, ఎక్కుతున్నప్పుడు, దిగుతున్నప్పుడు జరిగినా చట్టం కిందికే వస్తుంది.

వార్సా ఒప్పందానికి డెబ్బై ఏళ్లు నిండిన 1999లో, మే 28న, మాంట్రియల్‌లో కొత్త ఒప్పందం రాశారు. అది 2003లో అమల్లోకి వచ్చింది. మన దేశానికి 2009 జూన్ 30 నుంచి వర్తిస్తోంది. బంగారం ఫ్రాంకులు పోయి, అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కకట్టే ఎస్‌డీఆర్ అనే కొలమానం వచ్చింది. ఒక్కో ప్రయాణికుడికి మొదట లక్ష ఎస్‌డీఆర్, తర్వాత 1,13,100, 2019 చివర్లో 1,28,821, 2024 డిసెంబరు 28 నుంచి 1,51,880. ఇప్పటి మారకంలో ఇది ఒకటిన్నర కోట్ల రూపాయలకు పైమాటే. అంతవరకూ తప్పు తనది కాదని కంపెనీ తప్పించుకోలేదు. ప్రయాణికుడి సొంత నిర్లక్ష్యం ఉంటే ఆ మేరకు తగ్గించమని అడగొచ్చు, అంతే. నష్టం అంతకంటే ఎక్కువని రుజువైతే పైహద్దు లేదు. ఆ పైమొత్తానికి మాత్రం తన నిర్లక్ష్యం లేదని నిరూపించుకునే అవకాశం కంపెనీకి ఉంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఒకటిన్నర కోటి అంటే అడిగిన వెంటనే చేతిలో పెట్టే సొమ్ము అనుకుంటారు. 2010 మే 22న దుబాయి నుంచి మంగళూరు వచ్చిన విమానం కొండ మీద కట్టిన టేబుల్‌టాప్ రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది పోయారు, ఎనిమిది మంది బతికారు. పోయినవాళ్లలో గల్ఫ్‌లో కష్టం చేసుకునేవాళ్లు ఎక్కువ. లక్ష ఎస్‌డీఆర్ అందరికీ కనీస పరిహారం కావాలని ఒక కుటుంబం కేరళ హైకోర్టుకెళ్తే, 2011 జులైలో ఒక జడ్జి సరే అన్నారు. తర్వాత అదే కోర్టులో ఒకరికంటే ఎక్కువమంది జడ్జిలుండే డివిజన్ బెంచ్ దాన్ని కొట్టేసింది. ఎంత నష్టమో నిరూపించుకోవాల్సిందే అంది. అదే ప్రమాదంలో దుబాయిలో పెద్ద ఉద్యోగం చేసే ఒకాయన కుటుంబానికి 2020 మేలో సుప్రీంకోర్టు 7.64 కోట్లు ఇప్పించింది. జీతం కాగితాలున్నవాళ్లకి ఆ సొమ్ము, దినకూలీ మీద బతికినవాళ్ల ఇంటికి అందులో పిసరంత. చట్టం ప్రకారం అది సరైన లెక్కే కావచ్చు. నాకు మాత్రం మింగుడుపడదు.

మా వైపు విమానం చుట్టపుచూపు వస్తువు కాకుండా పోయి ఎంతో కాలం కాలేదు. 2017 ఏప్రిల్ 27న చిన్న ఊళ్లకి విమానాలు నడిపే ఉడాన్ పథకం మొదలైన రోజే నాందేడ్–హైదరాబాద్ విమానం కూడా మొదలైంది. మాలాగే తెలుగువాళ్లున్న ఒడిశా సరిహద్దులో, కోరాపుట్ జిల్లా జైపూర్‌లో, 2022 అక్టోబరు చివరి రోజున తొమ్మిది సీట్ల చిన్న విమానం దిగింది. అయినా గల్ఫ్‌కి పోయేవాళ్లు ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ నుంచి ఎక్కువగా హైదరాబాద్‌కే పోతారు. రాయగడ, గుణుపురం వాళ్లకి విశాఖపట్నం దగ్గర. దెబ్బ ఒక రాష్ట్రంలో తగులుతుంది, వైద్యం ఇంకో రాష్ట్రంలో జరుగుతుంది, కంపెనీ ఆఫీసు ఢిల్లీలోనో ముంబైలోనో ఉంటుంది. పాత వినియోగదారుల చట్టంలో కంపెనీకి ఆఫీసున్న చోటో, సంగతి జరిగిన చోటో ఫిర్యాదు చేయాలి. మా ఊరివాళ్లకి అంటే హైదరాబాద్ వాయిదాలే. ఒక్కో వాయిదాకి ఒక రోజు కూలి, రైలు ఖర్చు. చాలామంది అక్కడే వదిలేసేవాళ్లు.

2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం ఆ బాధ తీర్చింది. ఫిర్యాదుదారు ఉండే చోటే, అంటే నాందేడ్ జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. మావాళ్లు దాన్ని ఇంకా గ్రాహక్ మంచ్ అనే అంటారు. ఎక్కడ వేయాలి, ఫీజు ఎంత అన్నది అడిగే నుక్సాన్ భర్‌పాయీని, అంటే పరిహారాన్ని బట్టి కాదు, టికెట్టుకి పెట్టిన డబ్బుని బట్టి. 5 లక్షల లోపు టికెట్టుకి ఫీజే లేదు. ఫోను నుంచే ఫిర్యాదు నమోదు చేయొచ్చు, వాయిదాకి వీడియోలో హాజరు కావడానికి అడగొచ్చు.

గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. దుబాయి నుంచి ముంబై, ముంబై నుంచి హైదరాబాద్ ఒకే టికెట్టు మీద వస్తూ రెండో విమానంలో దెబ్బ తగిలినా అది అంతర్జాతీయ ప్రయాణమే, మాంట్రియల్ లెక్కే. ఆ రెండో టికెట్టు విడిగా కొంటే దేశీయ హద్దు కిందికి వస్తారు. కొన్ని వందలు కలిసొస్తాయని విడివిడిగా కొనేవాళ్లు మా దగ్గర చాలామంది.

పెద్దమ్మ కాగితాలు పట్టుకుని నేనూ వాళ్ల అబ్బాయీ నాందేడ్‌లో వకీలు దగ్గరికి వెళ్లాం. నిజామాబాద్ దవాఖాన డిశ్చార్జి కాగితం, మందుల బిల్లులు, ఎక్స్‌రే అన్నీ ఉన్నాయి. బోర్డింగ్ పాసు తెల్లబడినా టికెట్టు మెయిల్ అబ్బాయి ఫోనులో దొరికింది. విమానంలో ఏం జరిగిందో రాసిన కాగితం మాత్రం లేదు, రాయించలేదు కాబట్టి. వకీలు అన్నీ ఓపిగ్గా చూసి తేదీ దగ్గర ఆగాడు. వినియోగదారుల చట్టంలో ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే మన్నించే సెక్షన్ ఉంది కదా అని అడిగాను. ఉందన్నాడు. కానీ విమాన చట్టంలో గడువు దాటితే మన్నింపు మాట లేదు, హక్కే ఆరిపోతుందని ఉంది, కంపెనీ మొదటి రోజే ఆ లైను చూపిస్తుంది అన్నాడు. అబ్బాయి ఎక్స్‌రేని కవరులో పెట్టుకున్నాడు. వకీలు ఫీజు తీసుకోలేదు.