జియోలాజికల్ మ్యాప్ ఫోన్లో చూసేవాళ్లకు: అపోహలు - వాస్తవాలు

జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల భూకోశ్ పోర్టల్ తెరిస్తే కడప, కర్నూలు, అనంతపురం వైపు ఏ ఊళ్లో ఏ రాయో ఇంట్లో కూర్చునే చూడొచ్చు. అది సైంటిస్టులకే అనుకోవద్దు, ఎవరైనా చూడొచ్చు. చూసే పద్ధతి తెలియాలి, అంతే.

అపోహ: మ్యాప్‌లో ఏ రంగు ఉంటే రాయి ఆ రంగులో ఉంటుంది.
వాస్తవం: రంగు ఒక గుర్తు మాత్రమే. పక్కనున్న సూచిక చదవకపోతే మ్యాప్ చూసీ చూడనట్టే. పైగా ఒక రంగు అంటే ఒకే రాయి అని కూడా కాదు. వేంపల్లె ఫార్మేషన్ (వేంపల్లె పేరు పెట్టిన రాతి పొరల గుంపు) అని రంగు వేసిన చోట ఎక్కువగా డోలమైట్ (సున్నపురాయి లాంటిదే, మెగ్నీషియం కలిసిన రాయి) ఉన్నా, మధ్యమధ్యలో షేల్ (బంకమట్టి గట్టిపడిన పలకల రాయి), చెర్ట్ (చెకుముకి లాంటి గట్టి రాయి) కూడా తగులుతాయి. ఆ డోలమైట్‌లో కొన్నిచోట్ల ఎర్రగడ్డను అడ్డంగా కోసినట్టు పొరలు పొరలుగా గుండ్రటి ఆకారాలు ఉంటాయి. అవి స్ట్రోమటోలైట్లు. వంద కోట్ల ఏళ్లకు పైగా వెనక, లోతులేని సముద్రంలో సూక్ష్మజీవులు కట్టినవి. వాటి మీద దయచేసి సుత్తి వేయకండి. డోలమైటో సున్నపురాయో తేల్చుకోవాలంటే పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒక్క చుక్క చాలు. బేతంచెర్ల నాపరాయి సున్నపురాయే కాబట్టి వెంటనే నురగ కక్కుతుంది. డోలమైట్ అంత తొందరగా పొంగదు, చాకుతో గీకి పొడి చేసి వేస్తే పొంగుతుంది.

అపోహ: జూమ్ చేస్తే మన పొలం గట్టు దాకా తెలిసిపోతుంది.
వాస్తవం: 1:50,000 స్కేలు మ్యాప్‌లో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 50 మీటర్లు. ఎంత పెద్దది చేసినా గీత లావవుతుందే తప్ప వివరం పెరగదు. కోవెలకుంట్ల, నంద్యాల వైపు నల్లరేగడి కింద రాయి కనబడదు. అలాంటి చోట్ల హద్దు అంచనాతో గీసిందే.

అపోహ: కింబర్లైట్ గుర్తు ఉంటే అక్కడ వజ్రాలు ఉన్నట్టే.
వాస్తవం: కింబర్లైట్ అంటే భూమి లోతుల్లోంచి పైకి వచ్చి గట్టిపడిన రాయి, అది నిలువు గొట్టంలా ఉంటే పైపు అంటారు. వజ్రకరూరు చుట్టుపక్కల అలాంటి పైపులు ఉన్నది నిజమే. ప్రతి పైపులోనూ వజ్రాలు ఉండవు.

అపోహ: మ్యాప్ చూసి బోరు పాయింట్ పెట్టుకోవచ్చు.
వాస్తవం: నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. అప్పు చేసి బోరు వేసే రైతుకు మ్యాప్ రాయి పేరు చెబుతుంది కానీ నీళ్ల సంగతి చెప్పదు. అనంతపురం గ్రానైట్, నీస్ (గ్రానైట్ లాంటిదే, చారలున్న రాయి) రాళ్లలో నీళ్లుండేది పైన చివికిన పొరలో, కింద పగుళ్లలో. బెలూం గుహలున్న సున్నపురాయిలో అయితే నీళ్లు సందుల్లోంచి, బొరియల్లోంచి పారతాయి. అందుకే ఒకే రంగులో పక్కపక్కన వేసిన రెండు బోర్లలో ఒకటి పోస్తుంది, ఒకటి ఎండుతుంది. ముందు రెసిస్టివిటీ సర్వే (నేలలోకి కరెంటు పంపి కింద ఏముందో అంచనా వేసే పరీక్ష) చేయించండి. మీ ఊరి మ్యాప్ ప్రింటు, చుట్టుపక్కల బోర్ల లోతులు రాసి సర్వే చేసేవాళ్ల చేతికివ్వండి.