ఒళ్లు వంగనివాళ్లు యోగా టీచర్లు కాలేరా?

పిల్లలూ,

సెలవులకి వచ్చినప్పుడు మీలో పెద్దది ఒక ప్రశ్న అడిగి వెళ్లింది. ఫోన్‌లో చెప్పబోతే సగంలోనే ఎవరో ఒకరు పిలుస్తారు, అందుకని ఉత్తరం రాస్తున్నా. 200 గంటల సర్టిఫికెట్ కోర్సు చేసి యోగా టీచర్ అవ్వాలనుంది, కానీ ముందుకి వంగితే చేతివేళ్లు నేలకి అందవు, ఇంక నేను ఒకళ్లకి ఏం నేర్పుతాను అనే కదమ్మా నీ టెన్షన్? పక్కనే కూర్చుని రీల్స్ చూస్తున్న తమ్ముడు "అక్కకి ఛాన్సే లేదు" అన్నాడు. వాడిని కూడా కూర్చోబెట్టి ఇది చదివి వినిపించు.

యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ పేరు వినే ఉంటారు. 1918 డిసెంబరులో కర్ణాటకలో కోలారు జిల్లా బెల్లూరులో పుట్టాడు. దేశమంతా ఇన్‌ఫ్లూయెంజాతో అల్లాడుతున్న ఏడాది అది, తల్లికీ ఆ జబ్బు సోకింది. పుట్టిన పిల్లాడు బక్కచిక్కి ఉన్నాడు. కాస్త ఎదిగేలోపు మలేరియా, టైఫాయిడ్, క్షయ అన్నీ వచ్చిపడ్డాయి, చిన్నప్పుడే తండ్రి పోయాడు. మైసూరు మహారాజు దగ్గర యోగశాల నడిపే తిరుమలై కృష్ణమాచార్య ఈయనకి బావగారు, అక్క భర్త. 1934లో ఆయన ఊరెళ్తూ, అక్కకి తోడుగా ఉండమని ఈ కుర్రాడిని మైసూరు పిలిపించాడు. అలా వచ్చినవాడు అక్కడే ఉండిపోయాడు. ఈ బిగుసుకుపోయిన ఒంటికి యోగా ఏం వస్తుందిలే అని బావగారు మొదట్లో పట్టించుకోలేదు. తీరా బాగా చేసే శిష్యుడొకడు చెప్పాపెట్టకుండా వెళ్లిపోయేసరికి, ప్రదర్శనకి మనిషి కావాలి కాబట్టి ఈయన్ని పట్టుకుని నేర్పడం మొదలుపెట్టాడు. చూశారా, నువ్వు పనికొస్తావని ఎవరూ అనలేదు, అవసరం పడి నేర్పారు!

ఆ నేర్పడమైనా ఎలా ఉండేదో అయ్యంగార్ తర్వాత చెప్పుకొచ్చాడు. ఒకసారి జనం ముందు హనుమానాసనం వేయమన్నాడట గురువు. అంటే ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి బారచాపి తొడలు నేలకి ఆనించి కూర్చోవాలి. అంతకుముందు నేర్పింది లేదు. నిక్కరు బిగుతుగా ఉంది, కాళ్లు చాపలేను అని ఏదో సాకు చెబితే, కత్తెర తెప్పించి నిక్కరు అటూ ఇటూ కత్తిరించి మరీ వేయించాడట. వేశాడు, తొడ వెనక కండరాలు చిరిగి చాలాకాలం నడవడమే కష్టమైంది. కృష్ణమాచార్య మహా పండితుడే, కాదనను. పట్టాభి జోయిస్, రష్యన్ సామ్రాజ్యంలో పుట్టి వచ్చిన ఇంద్రాదేవి, అయ్యంగార్, ముగ్గురూ ఆయన దగ్గరే నేర్చుకుని మూడు రకాలుగా నేర్పారు. తర్వాత్తర్వాత మద్రాసులో అదే కృష్ణమాచార్య, ఎదురుగా ఉన్న మనిషి వయసు, జబ్బు, ఓపిక చూసుకునే అభ్యాసం చెప్పాలన్నాడు. కానీ ఆ రోజు ఆ పిల్లాడికి అది చెయ్యలేదు. ఇలాంటి గురుభక్తి కథలు మనవాళ్లు కళ్లకద్దుకుని చెబుతారు గానీ, నాకైతే మింగుడుపడదు.

1937లో పుణెలోని డెక్కన్ జింఖానా క్లబ్బువాళ్లకి యోగా నేర్పేవాడు కావాల్సొస్తే, ఆరు నెలలకని అయ్యంగార్‌ని పంపారు. పద్దెనిమిదేళ్లవాడు. మరాఠీ ముక్క రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఎదురుగా ఉన్నవాళ్లేమో కాలేజీ కుర్రాళ్లు, తనకన్నా వయసులో పెద్దవాళ్లు, బలమైనవాళ్లు. ఈయనకి ఆసనాలు వేయడం వచ్చుగానీ, ఏ ఆసనంలో ఏం జరుగుతుందో వివరించి చెప్పడం రాదు, ఎందుకంటే తనకెవరూ వివరించలేదు. అడగడానికి గురువు దగ్గర లేడు. గదిలో గంటలకి గంటలు తన ఒంటి మీదే పరీక్షలు చేసుకున్నాడు, పాదం ఇంత తిప్పితే మోకాలు ఏమవుతోంది, భుజం వెనక్కి తీస్తే ఊపిరి ఎటు పోతోంది అని. తిండికి లేక నీళ్లు తాగి గడిపిన రోజులూ ఉన్నాయి. 1943లో రమామణిని పెళ్లి చేసుకున్నాక ఆవిడకీ నేర్పి, తను ఆసనం వేస్తే సరిచూడమనేవాడు.

నీకు చెప్పాలనుకున్న అసలు విషయం ఇక్కడుంది తల్లీ. పుట్టుకతోనే ఒళ్లు వంగేవాడికి ఎదుటివాడు ఎందుకు వంగలేకపోతున్నాడో అర్థం కాదు. నొప్పి ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ దొంగదారి పడతామో పడ్డవాడికి తెలుసు. త్రికోణాసనం తీసుకో. మూడున్నర అడుగుల ఎడంగా కాళ్లు పెట్టి, కుడి పాదం పక్కకి తిప్పి, కుడివైపు వంగి చెయ్యి చీలమండ దగ్గర పెట్టాలి. వంగనివాళ్లు ఏం చేస్తారంటే, ఎలాగైనా చెయ్యి కిందికి తేవాలని మోకాలు సడలించేస్తారు, తుంటి వెనక్కి పోతుంది, ఛాతీ నేలవైపు తిరిగిపోతుంది. చెయ్యైతే అందుతుంది, ఆసనం మాత్రం పోతుంది. అయ్యంగార్ పద్ధతిలో టీచర్ ఏం చేస్తారు? ఆ చేతి కింద ఒక చెక్క ఇటుక నిలబెడతారు, వీపు గోడకి ఆనించమంటారు. అంతే, నేల పైకి వచ్చినట్టయింది! మోకాలు నిటారుగా నిలబడుతుంది, పక్కటెముకలు విచ్చుకుంటాయి, మెడ వదులవుతుంది. కొన్నాళ్లకి ఇటుక అడ్డంగా, ఆ తర్వాత అసలు లేకుండా. తాళ్లు, బెల్టులు, దుప్పట్లు, ఇనప కుర్చీలు, అన్నీ ఆయన ఇలాగే పట్టుకొచ్చాడు. నా మోకాళ్లతో ఈ వయసులో నేను సర్వాంగాసనం, అంటే భుజాల మీద ఒళ్లు ఆన్చి కాళ్లు పైకెత్తేది, అలాంటిది వేస్తున్నానంటే ఆ కుర్చీ పుణ్యమే. మీ తాతయ్య మాత్రం దాని మీద పేపరు పెట్టుకుని చదువుకుంటారనుకోండి, అది వేరే సంగతి.

1952లో బొంబాయి వచ్చిన వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ అయ్యంగార్‌కి ఐదు నిమిషాలే టైమిచ్చాడు. ఆయన బాగా అలిసిపోయి ఉన్నాడు. అయ్యంగార్ తన విన్యాసాలేవీ చూపించుకోకుండా ఆయన్ని పడుకోబెట్టి శవాసనం చేయించాడు, మెనుహిన్‌కి హాయిగా నిద్ర పట్టేసింది. ఐదు నిమిషాలు గంటలు దాటిపోయాయి. ఆయన పిలిస్తేనే 1954లో స్విట్జర్లాండు వెళ్లాడు, ప్రపంచానికి తెలిసింది అక్కడినుంచే. ఎనభై దాటిన బెల్జియం రాణి ఎలిజబెత్ పట్టుబడితే శీర్షాసనం కూడా నేర్పాడు. అది చూసి మీరు ఇంట్లో తలకిందులు కాకండి, బీపీ, మెడనొప్పి, గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లు ఆ జోలికే పోకూడదు. మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి కూడా కొన్నాళ్లు ఈయన దగ్గర నేర్చుకున్నాడు. గురువులు అక్కర్లేదన్న మనిషి ఆసనాలకి మాత్రం టీచర్‌ని పెట్టుకున్నాడు చూడండి!

అయితే అయ్యంగార్‌ని దేవుణ్ణి చేయకండి. క్లాసులో కేకలేసేవాడు, చెయ్యీ చేసుకునేవాడు. బి.కె.ఎస్. అంటే బీట్, కిక్, స్లాప్ అని శిష్యులే జోకులేసుకునేవారు. నిర్లక్ష్యంగా చేస్తే దెబ్బ తగులుతుందని అంత పట్టుదల, నిజమే. కానీ తను మైసూరులో పడ్డ కష్టంలో కొంత ఆ కేకల్లోకి వచ్చిందేమో అనిపిస్తుంది నాకు. ఆయన దగ్గర ఇటుక తీసుకో, కేకలు వదిలెయ్. కోర్సు చేరేముందు కూడా ఇదే చూసుకో: నీ ఒంటిమీద చెయ్యి వేసేముందు అడుగుతారా, నొప్పి అంటే ఆపుతారా, నెలసరి రోజుల్లో ఏం చేయాలో తెలుసా? ఇవేవీ లేని చోట ఎన్ని గంటల సర్టిఫికెట్ ఇచ్చినా దండగే.

1975లో భార్య పేరు మీద పుణెలో ఇన్‌స్టిట్యూట్ తెరిచాడు, తొంభై దాటాక కూడా అక్కడ రోజూ సాధన చేసుకునేవాడు, 2014 ఆగస్టులో పోయాడు. జూన్ 21 యోగా దినోత్సవం ఆ తర్వాతి ఏడాది నుంచి మొదలైంది.

ఇంక నీ సంగతి. వేళ్లు నేలకి అందకపోతే పిక్కల దగ్గరే ఆపు, మోకాళ్లు వంచకు. తమ్ముణ్ణి కూడా త్రికోణాసనం వేయమని, వాడి మోకాలు ఎక్కడ సడలుతోందో, ఊపిరి ఎక్కడ బిగబడుతున్నాడో చూసి నాకు రాయి. వాణ్ణి చూసి నవ్వకు, ఇటుక ఇవ్వు.

మీ అమ్మమ్మ