ఫ్లాపీ రౌటర్‌లో డ్రైవర్ మాడ్యూల్ కలపడం: అపోహలు - వాస్తవాలు

రాయగడలో నెట్‌వర్కింగ్ నేర్పుతుంటాను. గుణుపురం, పర్లాకిమిడి, కొరాపుట్ వైపు నుంచి పిల్లలు వస్తారు. రౌటర్ లోపల ఏం జరుగుతుందో విడదీసి చూపించాలంటే, నా లెక్కన ఫ్లాపీ లినక్స్‌ను (ఒక్క ఫ్లాపీ డిస్క్ నుంచి నడిచే చిన్న లినక్స్‌ను) మించింది లేదు. కెర్నల్ (ఓఎస్‌కు గుండెకాయ లాంటి భాగం), ఫైర్‌వాల్, డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకు ఐపీ అడ్రసులు పంచేది) అన్నీ ఒక్క ఫ్లాపీలో సర్దుకుంటాయి. వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్‌లో) నడపడానికి పాత ల్యాప్‌టాప్ చాలు. చిక్కంతా నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ దగ్గరే వస్తుంది. డ్రైవర్ అంటే కార్డును నడిపించే ప్రోగ్రాం, అది కెర్నల్‌కు విడిగా ఎక్కించే ఫైలుగా ఉంటే మాడ్యూల్ అంటాం. 2.4 కెర్నల్‌తో నడిచే లీఫ్ బెరింగ్ అనే ఫ్లాపీ రౌటర్ లినక్స్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

అపోహ: ల్యాప్‌టాప్‌లో ఏ కార్డు ఉంటే ఆ డ్రైవరే వేయాలి.

“సార్, నాది రియల్‌టెక్ వైఫై. ఈ కెర్నల్‌కు డ్రైవర్ ఎక్కడా దొరకట్లేదు” అని పర్లాకిమిడి కుర్రాడొకడు టెన్షన్ పడ్డాడు. ఆ వైఫై సంగతి ల్యాప్‌టాప్‌లోని అసలు ఓఎస్ చూసుకుంటుంది. లోపలి రౌటర్‌కు కనిపించేది వర్చువల్ మెషీన్ తయారుచేసి చూపించే కార్డు మాత్రమే. వర్చువల్ మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్‌లో పీసీనెట్ ఫాస్ట్-3 కార్డు ఎంచుకుంటే పీసీనెట్32 మాడ్యూల్ వేయాలి. అలాంటిదే అయిన క్యూఈఎమ్‌యూలో ఆర్‌టీఎల్8139 ఎంచుకుంటే 8139టూ వేయాలి. వర్ట్‌ఐఓ (వర్చువల్ మెషీన్ల కోసమే తయారైన కార్డు రకం) జోలికి మాత్రం పోకండి. దాని డ్రైవర్ లినక్స్‌లోకి వచ్చిందే 2.6.24తో. అనుమానం ఉంటే రౌటర్‌లోనే ప్రాక్ డైరెక్టరీలో ఉన్న పీసీఐ ఫైలు (/proc/pci) తెరిచి చూడండి. కార్డు గుర్తింపు సంఖ్య 1022:2000 అని ఉంటే అది పీసీనెట్, 10ఈసీ:8139 అని ఉంటే రియల్‌టెక్.

అపోహ: పేరు కలిస్తే చాలు, ఏ లినక్స్ నుంచి తెచ్చిన మాడ్యూలైనా పనిచేస్తుంది.

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. మాడ్యూల్ కెర్నల్‌లో భాగంగా నడుస్తుంది కాబట్టి, మీ ఫ్లాపీలో ఉన్న కెర్నల్ ఏ వెర్షన్‌దో, ఏ సెట్టింగులతో కట్టారో, మాడ్యూల్ కూడా అదే వెర్షన్‌కు, అవే సెట్టింగులతో కట్టిందై ఉండాలి. ముందు యూనేమ్ (uname) కమాండ్‌తో వెర్షన్ చూసుకోండి. ఆ బెరింగ్ విడుదలతో పాటు ఇచ్చిన మాడ్యూళ్ల మూట నుంచే ఫైలు తీసుకోండి. కొత్త ఉబుంటులో నుంచి తెచ్చిన ఫైలు ఎక్కదు. 2.4 మాడ్యూళ్లకు చివర ‘.ఓ’ ఉంటుంది, 2.6 నుంచి ‘.కేఓ’ అయింది. చూడగానే తేడా తెలిసిపోతుంది. మాడ్యూల్ ఎక్కించే ఇన్స్‌మాడ్ కమాండ్‌కు ఫోర్స్ ఆప్షన్ ఇచ్చి బలవంతంగా ఎక్కించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఒకవేళ ఎక్కినా, కెర్నల్ ఎప్పుడు కుప్పకూలుతుందో చెప్పలేం.

దీనికి తోడు ఇంకో మాట ప్రచారంలో ఉంది. ఫ్లాపీలో యూసీలిబ్‌సీ (చిన్న సైజు సీ లైబ్రరీ) ఉంటే మాడ్యూల్‌ను కూడా దానితోనే కంపైల్ చేయాలని. అదీ తప్పే. కెర్నల్ మాడ్యూల్ ఏ సీ లైబ్రరీనీ వాడదు.

అపోహ: ‘అన్‌రిజాల్వ్డ్ సింబల్’ అని వస్తే ఫైలు పాడైనట్టే.

సింబల్ అంటే మాడ్యూల్ వాడుకునే ఫంక్షన్ లాంటిదాని పేరు, అది దొరకలేదని ఆ మాటకు అర్థం. చాలాసార్లు ఫైలు బాగానే ఉంటుంది. అది ఆధారపడే మరో మాడ్యూల్ ముందుగా ఎక్కకపోవడమే కారణం. ఎన్ఈ2కే-పీసీఐ మాడ్యూల్ కన్నా ముందు 8390 మాడ్యూల్ ఎక్కాలి. 2.4 చివరి వెర్షన్లలో 8139టూ, పీసీనెట్32 కన్నా ముందు ఎమ్ఐఐ ఎక్కాలి. సెట్టింగులుండే ఈటీసీ డైరెక్టరీలోని మాడ్యూల్స్ ఫైల్లో పేర్లు ఇదే వరుసలో రాయండి. రెండు కార్డులూ ఒకే రకమైతే పేరు రెండుసార్లు రాయక్కర్లేదు. ఒక్క పీసీనెట్32 ఎక్కితే ఈత్0, ఈత్1 (రెండు కార్డులకు కెర్నల్ ఇచ్చే పేర్లు) రెండూ వచ్చేస్తాయి. ఆ ఫైలును విండోస్ నోట్‌ప్యాడ్‌లో మాత్రం దిద్దకండి. లైను చివర కంటికి కనిపించని అక్షరం ఒకటి చేరుతుంది, అప్పుడు పేరు సరిగ్గానే ఉన్నా మాడ్యూల్ దొరకలేదంటుంది.

అపోహ: చోటు చాలకపోతే మాడ్యూల్‌ను పూర్తిగా స్ట్రిప్ చేసేయొచ్చు.

మామూలు 1.44 ఎంబీ ఫ్లాపీలో ఫైళ్లకు మిగిలేది 14,57,664 బైట్లే, కాబట్టి పొదుపు తప్పదు. అయితే స్ట్రిప్‌తో (ఫైల్లో అక్కర్లేని భాగాలు కోసేసే కమాండ్‌తో) డీబగ్ సమాచారం మాత్రమే తీయాలి. సింబల్ పట్టిక కూడా తీసేస్తే కెర్నల్‌కు దాన్ని కలుపుకునే దారే ఉండదు. అంతకన్నా ముందు అక్కర్లేని డ్రైవర్లు తీసేయండి. వర్చువల్ మెషీన్‌కు కావాల్సింది ఒకటో రెండో, మిగతావి అక్కడ ఉండి ఏం లాభం?

అపోహ: ఒకసారి ఎక్కింది కదా, ఇక ఉండిపోతుంది.

బెరింగ్ మొత్తం ర్యామ్‌డిస్క్‌లో (ర్యామ్‌నే డిస్కులా వాడే చోట) నడుస్తుంది. మీరు కాపీ చేసిన మాడ్యూల్, దిద్దిన ఫైలు అన్నీ ర్యామ్‌లోనే ఉంటాయి. ఎల్‌ఆర్‌సీఎఫ్‌జీ (lrcfg) అనే బెరింగ్ సెట్టింగుల మెనూలోకి వెళ్లి బ్యాకప్ చేస్తేనే ఫ్లాపీ మీదికి ఎక్కుతాయి. మాడ్యూల్ ఫైళ్లకు మాడ్యూల్స్ ప్యాకేజీ, ఈటీసీలో దిద్దినవి ఏ ప్యాకేజీలో ఉంటే ఆ ప్యాకేజీ బ్యాకప్ చేయాలి. మా వైపు వానాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, అందుకే బ్యాకప్ అయ్యాకే వేరే పని ముట్టుకోమంటాను. వర్చువల్ మెషీన్‌లో ‘సేవ్ స్టేట్’ కొడితే ర్యామ్ కూడా దాచుకుంటుంది కాబట్టి, మళ్లీ తెరిచినప్పుడు అన్నీ నిలిచాయనిపిస్తుంది. నిజంగా నిలిచాయో లేదో రీబూట్ చేస్తేనే తేలుతుంది. ఇమేజ్ ఫైలు (వర్చువల్ మెషీన్ ఫ్లాపీగా వాడే ఫైలు) రీడ్-ఓన్లీగా ఉందేమో కూడా ముందే చూసుకోండి. బ్యాకప్‌కు ముందు ఆ ఫైలుకు ఒక కాపీ తీసి పక్కన పెట్టండి. రీబూట్ అయ్యాక కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్ (dmesg) కమాండ్‌లో ఈత్0, ఈత్1 రెండూ కనిపిస్తేనే ఐపీ, ఫైర్‌వాల్ సెట్టింగుల పని మొదలుపెట్టండి.