సాఫ్ట్‌వేర్ మారితే అనుభవం సున్నా అవుతుందా?

"పదేళ్లుగా మాయాలో రిగ్గింగ్ చేస్తున్నాను. ఇప్పుడు బ్లెండర్‌కు మారమంటున్నారు. మళ్లీ మొదటికొచ్చినట్టేనా?" నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. మాయా, బ్లెండర్ రెండూ త్రీడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్లు, బ్లెండర్ ఉచితం. రిగ్గింగ్ అంటే పాత్ర కదిలేలా లోపల ఎముకలు, కంట్రోళ్లు అమర్చడం. అడిగేవాళ్ల భయం నాకు అర్థమవుతుంది. దాన్ని పెంచి పోషించే పుకార్లంటేనే ఒళ్లు మండుతుంది.

అపోహ: అనుభవం చెల్లదు, ఫ్రెషర్‌తో సమానం.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. దీన్ని నమ్మి చేతికొచ్చిన పనిని వదులుకున్నవాళ్లను, తక్కువ జీతానికి తలూపినవాళ్లను చూశాను.

బ్లెండర్‌లో నేను కట్టిన మొదటి చెయ్యి గుర్తుంది. ఐకే (అరచేతిని కదిపితే చెయ్యంతా దాని వెంట వంగే ఏర్పాటు) పెట్టి, మోచేయి ఎటు చూడాలో చెప్పే పోల్ టార్గెట్ ఇచ్చానో లేదో, మోచేయి గిర్రున పక్కకు తిరిగిపోయింది. కొత్తవాళ్లయితే వెయిట్స్ (ఏ ఎముక వెంట చర్మం ఎంత కదలాలో చెప్పే విలువలు) తప్పనుకుని పెయింట్ చేస్తూ కూర్చునేవారు. మాయాలో ఇలాంటి మోచేతులను ఎన్నిటినో సరిచేసినవాణ్ణి కనుక, తప్పు అక్షాల్లో ఉందని చూడగానే తెలిసింది. మాయాలో జాయింట్ ఒక బిందువు. దాని దిశను మనమే నిర్ణయిస్తాం, మామూలుగా ఎక్స్ అక్షాన్ని తర్వాతి జాయింట్ వైపు పెడతాం. బ్లెండర్‌లో బోన్‌కు తల, తోక ఉంటాయి. వై అక్షం ఎప్పుడూ తల నుంచి తోక వైపే. మన చేతిలో మిగిలేది రోల్, అంటే ఆ వై అక్షం చుట్టూ బోన్ తిరిగే కోణం, ఒక్కటే. రోల్ సరిచేసి, పోల్ యాంగిల్‌ను -90 డిగ్రీలు చేయగానే మోచేయి దాని చోటికి అది వచ్చేసింది. బటన్ కోసం వెతకడానికి సగం రోజు పట్టిన మాట నిజమే. జబ్బు కనిపెట్టడానికి మాత్రం నిమిషం కూడా పట్టలేదు. అనుభవమంటే అదే కదా!

అయితే పాత అలవాట్లన్నీ మోసుకురావద్దు. ప్రతి కంట్రోల్‌పైనా మాయాలోలా ఆఫ్‌సెట్ గ్రూప్ (కంట్రోల్ విలువలు సున్నా దగ్గర మొదలయ్యేలా దాని పైన పెట్టే ఖాళీ గ్రూప్) కోసం తడుముకుంటారు. బ్లెండర్ బోన్ విలువలను రెస్ట్ పోజ్ (రిగ్ కట్టినప్పటి మొదటి భంగిమ) నుంచే లెక్కిస్తుంది. బోన్ ఏ వాలులో ఉన్నా అక్కడే సున్నా. కదలికకు మరో పొర కావాలనుకుంటేనే అదనపు బోన్ పెట్టండి.

అపోహ: మాయా నుంచి ఎఫ్‌బీఎక్స్ ఫైలుగా పంపితే రిగ్ మొత్తం బ్లెండర్‌కు వచ్చేస్తుంది.

రాదు. జాయింట్లు, స్కిన్ వెయిట్స్, బ్లెండ్ షేప్స్ (ముఖ కవళికల్లాంటి రూపమార్పులు) వస్తాయి. కన్‌స్ట్రెయింట్లు (ఒక భాగాన్ని మరోదానికి ముడివేసే నియమాలు), డ్రివెన్ కీలు (ఒక విలువ మారితే మరోదాన్ని కదిపే లింకులు) మళ్లీ కట్టుకోవలసిందే. ఈ సంగతి తెలియకుండా గడువు ఒప్పుకోకండి.

అపోహ: ఉచితంగా దొరికేది పెద్ద పనికి ఆనదు.

2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న సినిమా తయారైంది బ్లెండర్‌లోనే. దీనిపై ఇంకా వాదన అనవసరం.

ఒక్క జాగ్రత్త. 2023లో వచ్చిన 4.0 వెర్షన్‌లో బోన్లను గుంపులుగా విడదీసే బోన్ లేయర్లు పోయి బోన్ కలెక్షన్లు వచ్చాయి. పాత పాఠం చూస్తూ అందులో ఉన్న మెనూ మీకు కనబడకపోతే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, ముందు ఆ పాఠం ఏ వెర్షన్‌దో చూడండి.

మొదటి వారం పూర్తి పాత్ర జోలికి పోకుండా, మీరు ఇదివరకే రిగ్ చేసిన పాత్రలో ఒక్క చెయ్యి తీసుకోండి. ఐకే, ఎఫ్‌కే (భుజం నుంచి ఒక్కో కీలునూ విడిగా తిప్పే పద్ధతి) మార్పిడి, ముంజేతి ట్విస్ట్, అంతే. పక్కనే మాయా ఫైలు తెరిచి ఉంచుకుని, రెండు మోచేతులనూ ఒకే కోణానికి వంచి చూడండి.