బిల్డింగ్ మీద డెకరేషన్ లైట్లు: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

షాపులకి, ఆఫీసు బిల్డింగులకి ఎలివేషన్ లైటింగ్ డిజైన్ చేయడం నా పని, పర్మిషన్ ఫైల్ కూడా నేనే పెడతా. నిజం చెప్పాలంటే డిజైన్‌కి పట్టే టైమ్ కంటే ఓనర్లకి రూల్స్ విడమర్చి చెప్పడానికే ఎక్కువ పడుతోంది, ప్రతిసారీ అవే మాటలు. ఇక మీదట అడిగిన వాళ్ళకి ఇదే చూపిద్దామని రాస్తున్నా.

అపోహ: మా బిల్డింగ్, మా కరెంటు, మా ఇష్టం.

లైటు మీదే కానీ వెలుగు కాంపౌండ్ గోడ దగ్గర ఆగదు కదండీ. రూల్ పట్టించుకునేది అదే, ఎదురింటి బెడ్‌రూమ్‌లోకి, రోడ్డు మీద డ్రైవర్ కంట్లోకి, పైన ఆకాశంలోకి ఎంత పోతోంది అని. ఇదేమీ ఈ మధ్య పుట్టిన గోల కూడా కాదు. అమెరికాలో ఆరిజోనా రాష్ట్రంలోని ఫ్లాగ్‌స్టాఫ్ అనే ఊళ్ళో 1958లోనే వ్యాపార ప్రకటనల కోసం ఆకాశంలోకి కొట్టే సెర్చ్‌లైట్లని ఆపేశారు, ఆ ఊళ్ళో అబ్జర్వేటరీ ఉంది, ఆకాశం తెల్లబడిపోతే చుక్కలు కనపడవని.

అపోహ: ఎల్ఈడీ కదా, వాట్లు తక్కువ, రూల్ మాకు తగలదు.

ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే. వాట్లు అంటే కరెంటు ఎంత తింటుందో చెప్పేది, వెలుగు ఎంతో చెప్పేది కాదు. పాత బల్బుల కాలంలో వాట్లు చూస్తే వెలుగు ఎంతో ఒక అంచనా వచ్చేది, ఎల్ఈడీలు వచ్చాక ఆ లెక్క చెల్లట్లేదు. ఇప్పుడు మేం చూసేవి మూడు: లైటు నుంచి బయటికొచ్చేది ల్యూమెన్లు, గోడ మీద పడేది లక్స్, ఆ గోడ నుంచి తిరిగి మన కంట్లోకి వచ్చే మెరుపుకి క్యాండెలా పర్ స్క్వేర్ మీటర్. సీఐఈ అని అంతర్జాతీయ లైటింగ్ కమిషన్ ఉంది, 2017లో వచ్చిన వాళ్ళ గైడ్‌లో బిల్డింగ్ గోడకి ఈ మూడోదే పరిమితి పెట్టారు, పెద్దగా లైట్లు లేని పల్లె లాంటి ఏరియాలో 5, ఊరి శివార్లలో 10, సిటీ నడిబొడ్డున 25.

ఇక్కడే ఒక మెలిక. 80 శాతం వెలుగు తిప్పికొట్టే తెల్ల గోడ మీద 100 లక్స్ వేస్తే మెరుపు దాదాపు 25 వస్తుంది, అంటే శివార్లలో పరిమితికి రెండున్నర రెట్లు. అవే లైట్లు, అంతే దూరం, కానీ గోడ ముదురు బూడిద రంగుది, 20 శాతమే తిప్పికొడుతుంది అనుకోండి, 6 కాస్త దాటుతుంది అంతే. అందుకే గోడకి ఏ పెయింట్ వేస్తున్నారో చెప్పకుండా లైట్ల కొటేషన్ అడిగితే నేను ఇవ్వను. ఒక ఓనర్ గారు డ్రాయింగ్ పాస్ అయ్యాక పెయింట్ మార్చేశారు, పాపం లైట్లన్నిటికీ డిమ్మర్లు పెట్టించాల్సొచ్చింది.

అపోహ: అక్షరాలు లేవు, లోగో లేదు, కాబట్టి ఇది సైన్‌బోర్డు కాదు, ఆ రూల్స్ దీనికి తగలవు.

అమెరికాలో చాలా ఊళ్ళ రూల్స్‌లో కిటికీ చుట్టూ, కప్పు అంచు వెంట తిప్పే స్ట్రిప్ లైట్లకి విడిగా మాట ఉంటుంది. కొన్నిచోట్ల సైన్ లెక్కలోకే వేస్తారు, కొన్నిచోట్ల అసలు వద్దంటారు, మెరిసేవి, పరుగెత్తేవి అయితే మరీ కష్టం. ఎక్కడైనా సరే నేను మొదట తెరిచేది నిర్వచనాల పేజీ, మిగతావన్నీ తర్వాత. అందులో సైన్ అంటే ఏంటని రాశారో చూడకుండా స్ట్రిప్ కొంటే తర్వాత పీకాల్సి రావచ్చు.

అపోహ: ఈ ఆఫీసర్లకి వెలుగంటేనే పడదు.

మరి న్యూయార్క్ సిటీలో టైమ్స్ స్క్వేర్ అనే సెంటర్ సంగతేంటి? 1987లో అక్కడి జోనింగ్ రూల్ (ఏ ఏరియాలో ఏం కట్టొచ్చో చెప్పేది), కొత్తగా కట్టే బిల్డింగులకి వెలిగే బోర్డులు ఉండి తీరాలి అని రాసింది, పైగా కనీసం ఎంత మెరవాలో కొలవడానికి ప్రత్యేకంగా ఒక యూనిట్ కూడా పెట్టుకున్నారు. అదే ఫ్రాన్స్‌కి వెళ్తే 2013 నుంచి బిల్డింగ్ గోడల మీద లైట్లు రాత్రి ఒంటి గంటకల్లా ఆపేయాలి. రెండూ ప్రభుత్వాలే, ఏ చోట ఏం కావాలో దాన్నిబట్టి రాసుకున్నారు.

అపోహ: అర్ధరాత్రి దాటాక ఎవరికి ఇబ్బంది?

నిద్రపోయే వాళ్ళకి, ఇంకా పిట్టలకి. 2023 అక్టోబర్ 5న షికాగోలో మెక్‌కార్మిక్ ప్లేస్ అనే కన్వెన్షన్ బిల్డింగ్ అద్దాలకి గుద్దుకుని దగ్గర దగ్గర వెయ్యి వలస పక్షులు ఒక్క రోజులో చచ్చిపోయాయి. వాటిని అటు లాగినవి డెకరేషన్ లైట్లు కూడా కావు, బిల్డింగ్ లోపలి లైట్లు. నన్నడిగితే టైమర్ మీద పెట్టే ఖర్చంత పనికొచ్చే ఖర్చు ఈ ఫీల్డ్‌లో ఇంకోటి లేదు.

అపోహ: పండగ లైట్లకి రూలే లేదు.

మినహాయింపు చాలాచోట్ల ఉంటుంది, కానీ ఇన్ని రోజులకే అని. ఏడాదంతా వేలాడేది పండగ సీరియల్ సెట్ అవ్వదు.

అపోహ: మా లైట్లు రూల్ కంటే ముందే పెట్టినవి, ఎవరూ ముట్టుకోలేరు.

ఉన్నది ఉన్నట్టు ఉంచితే మామూలుగా వదిలేస్తారు. పాత నియాన్ పీకి ఎల్ఈడీ వేస్తే మాత్రం చాలాచోట్ల అది కొత్త పని కిందే లెక్క, ఆ వెసులుబాటు అక్కడితో పోతుంది. కాబట్టి ఎలక్ట్రీషియన్ నిచ్చెన ఎక్కకముందే పాత పర్మిషన్ కాపీ వెతికి పెట్టుకోండి.